నాయిన రైలు, పోశక్క పట్టా

పెర్మిలి
12-1-1985

దత్తూ,

జవాబు రాయలేదని అలిగావట, మరదలు రాసింది. అలిగే ముందు ఇక్కడి సంగతి విను. పోయిన మంగళవారం మీ అక్క నట్టడవిలో, ఒక రాతి వంతెన మీద కాన్పు చేసింది.

ఇప్పలగుట్ట నీకు తెలియదు. పెర్మిలి నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం అన్నానికి చేరే ఊరు. నేను నర్సుగా చూడాల్సిన ఊళ్లలో అదే చివరిది. అక్కడి పోశక్క కోడలు రాజుబాయికి నొప్పులొస్తే నలుగురు మంచం మీద మోసుకొస్తున్నారు. కబురు తెలిసి నేను ఎదురు పోయాను. సగం దారిలోనే బిడ్డ ఇక ఆగనన్నాడు. మంచం వంతెన మీద దించాం. మగపిల్లవాడు, తల్లీ బిడ్డా క్షేమం, పేరు జంగు. పోశక్క ఇప్పుడు ఊరంతా తిరిగి, "మా మనుమడు అందరి లెక్క మట్టి మీద పుట్టలే, సర్కారు రాయి మీద పుట్టిండు" అని చెప్పుకుంటోంది.

నవ్వుతూ రాస్తున్నాను గానీ వానాకాలమైతే ఆ మంచం వంతెన లేని వాగులు దాటేది కాదు. రోడ్డు కోసం ఊరు ఎప్పటినుంచో అడుగుతోంది. కొత్తగా చెట్లు కొట్టి దారి వేయాలంటే ఢిల్లీ దాకా అనుమతి కావాలంటాడు ఇంజనీరు సాహెబు. అదే పూర్వం బండ్లు నడిచిన దారి ఒకటి ఉందని కళ్లకు చూపిస్తే, దాన్ని బాగు చేయించడం తన చేతిలోని పనేనట. వానలకు ముందు ఒక్కసారి వస్తాడు. అప్పుడు చూపించలేకపోతే ఆ రోడ్డు ఇంకో ఊరికి పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎడ్లబండి కూడా పోని అడవిలో చెక్కిన రాళ్లతో కట్టిన వంతెన ఎందుకుంది? నాకు నాయిన రైలు గుర్తుకొచ్చింది. వయసులో ఉప్పు బస్తాలతో ఈ గుట్టల మీది అంగళ్లకు వచ్చేవాడినని, దుంగలు మోసే చిన్న రైలెక్కి దిగేవాడినని, బ్రేకు తానే పట్టేవాడినని చెబితే మన ఊరు సిరోంచ అంతా పడీ పడీ నవ్వేది కదా. మీ బావ ఇప్పటికీ మానలేదు. దుకాణానికి సరుకు ఆలస్యమైతే చాలు, "మా మామ రైలుకు వస్తున్నదేమో" అంటాడు.

నువ్వు చిన్న రైలు మనిషివి. అడవిలో నిజంగా రైలు ఉండేదా? ఉంటే ఇప్పుడు దాన్ని ఎట్లా గుర్తు పట్టాలి? తొందరగా రాయి.

అక్క విజయ


నాగ్‌పూర్
24-1-1985

అక్కా,

నీ ఉత్తరం ఇత్వారీ స్టేషన్లో అందింది. బండి కదలడానికి పచ్చజెండా ఊపాల్సిన నేను ఉత్తరం ఊపానని డ్రైవరు ఫిర్యాదు. అంత సంతోషం.

ఉండేది అక్కా, తప్పకుండా ఉండేది. నేను గార్డుగా పోయే నాగ్‌భీడ్ లైను రెండున్నర అడుగుల వెడల్పుది. గుట్టల్లో దుంగల కోసం వేసినవి ఇంకా సన్నం. కొండను పగలగొట్టి పెద్ద లైను వేసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. సన్న లైనైతే గుట్ట నడుము చుట్టూ మొలతాడులా తిప్పుకుంటూ పోవచ్చు. పైనుంచి దుంగలెక్కిన ట్రాలీలు తమ బరువుతో తామే దిగేవి. బ్రేకు చెక్క మీద ఒక మనిషి. ఖాళీ ట్రాలీలను దున్నలు పైకి లాగేవి. మళ్లీ దిగేటప్పుడు ఆ దున్నలు చివరి ట్రాలీ ఎక్కి దర్జాగా గడ్డి నములుతూ వచ్చేవట. ఇది విన్నప్పటి నుంచి దున్నంటే నాకు గౌరవం పెరిగింది.

తరువాత లైను చుట్టుపక్కల మంచి టేకు అయిపోయింది. యుద్ధమొచ్చి ఇనుముకు కరువు వస్తే పట్టాలు చాలాచోట్ల పీకేశారు. మిగిలినదాన్ని లారీలు చంపేశాయి. ఇట్లాంటి చచ్చిపోయిన లైన్లను వెతుక్కుంటూ నా సెలవులన్నీ కొండలెక్కుతున్నానని మీ మరదలు అన్నపూర్ణకు ఎంత కోపమో నీకు తెలుసు. పోయిన ఏడు తనను కూడా తీసుకుపోయి, ముళ్లపొదలో మూసుకుపోయిన ప్లాట్‌ఫారం చూపించాను. కాశీకి పోదామంటే ఇక్కడికి తెచ్చావా అంది.

గుర్తులు చెబుతాను. పట్టాలు పోయినా దారి పోదు. దాని మీద నడిస్తే ఆయాసం రాదు, ఎందుకంటే బరువు ట్రాలీ పరుగెత్తకుండా, ఆగిపోకుండా ఉండేంత వాలే ఉంటుంది. వంపులు మెల్లగా తిరుగుతాయి. మిట్ట వస్తే తొలిచి ఉంటుంది, పల్లం వస్తే మట్టి పోసి ఉంటుంది, వాగు వస్తే నీ రాతి వంతెన.

ఒక్క పట్టా ముక్క దొరికితే ఇంజనీరు నోరు మూతపడుతుంది. ఊళ్లో అడుగు. అక్కడి ఇనుమంతా నాదేనని చెప్పు. వచ్చి ఒక్క ముక్క మిగల్చకుండా నాగ్‌పూర్ పట్టుకుపోతాను.

నీ రైలు తమ్ముడు
దత్తయ్య


పెర్మిలి
15-2-1985

దత్తూ,

ఇప్పలగుట్టలో ఉత్తరం చదివితే వినడం అందరికీ ఇష్టం. అందుకని నీ ఉత్తరం పోశక్క పందిట్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. దున్నలు ట్రాలీ ఎక్కిన చోట అందరూ పగలబడి నవ్వారు. చదవడం అయ్యాక, రైలు సంగతి ఎవరికైనా తెలుసా అని అడిగాను. చివరికి పోశక్కే గొంతు సవరించుకుంది.

"రైలా? గీడ యాడిది నర్సమ్మా. గసొంటిది మా తాతలు గూడ సూడలే."

నీ గుర్తులు పట్టుకుని నేను నడిచి చూశాను. వంతెన నుంచి ఊరి దాకా ఒక దారి నిజంగానే ఉంది. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు, అవి కూడా మూలగలేదు. ఒకచోట మిట్టను తొలిచి ఉంది. కానీ అన్నీ పొదలు, పుట్టలు. వాన నీళ్లు కోసిన కాలువ అని ఇంజనీరు అన్నా అనొచ్చు. పట్టా మాత్రం ఒక్క మూరెడు కూడా దొరకలేదు.

ఇంకో వింత. ఈ నెల ఇప్పలగుట్టలో ఎవరి ఇల్లు చూసినా విప్పి కడుతున్నారు. పోశక్క ఇంటి కప్పు ఒకవైపు ఒరిగిపోయింది, నడిమి దూలం కొత్త కర్ర. ఏమైందని అడిగితే చెదలన్నది. పక్కింటి దేవయ్య కొట్టం కూడా అంతే, మళ్లీ చెదలే. ఊరంతటికీ ఒకేసారి చెదలు పట్టడం నా సర్వీసులో చూడలేదు.

ఇదంతా చెబితే మీ బావ, "మామ కథ మంచిగ చెప్పేటోడు, పోనీ" అన్నాడు. నాకు కూడా కొంచెం అనుమానం వస్తోంది. కోపం తెచ్చుకోకు.

అక్క


నాగ్‌పూర్
28-2-1985

అక్కా,

కోపం వచ్చింది. దాచుకోను.

బావ నవ్వితే అది బావల హక్కు. నువ్వు అనుమానపడితే నాయినకు ఎవరున్నారు? బడిలో పిల్లలు "మీ నాయిన రైలు ఎన్ని గంటలకురా" అని ఏడిపిస్తే కొట్లాడి చొక్కా చింపుకున్నవాడిని నేను. ఈ ఉద్యోగంలో చేరింది కూడా అందుకే. దిగేటప్పుడు బ్రేకు పట్టుకుని నిలబడితే గాలికి తలపాగా లేచిపోయేదని నాయిన చెప్పేవాడు చూడు, అంత వివరంగా లేనిది ఎవరు చెబుతారు?

ఊరివాళ్లు నీ మాటను సరదా అనుకున్నట్టున్నారు. అడుగుతున్నది ఎవరో తెలిస్తే నోరు విప్పుతారు. అందుకని నా ఫోటో పంపుతున్నాను. తెల్ల కోటు, టోపీ, రెండు చేతుల్లో రెండు జెండాలు. ఇది చూపించి, సర్కారు రైలు మనిషే స్వయంగా అడుగుతున్నాడని గట్టిగా చెప్పు.

దత్తయ్య

(అన్నపూర్ణ నమస్కారాలు చెప్పమంది. చెబుతున్నాను, కానీ మామూలుగా చెప్పినంత ప్రేమగా కాదు.)


పెర్మిలి
20-3-1985

ఒరే దత్తూ,

నీ ఫోటో కొంప ముంచింది.

చెప్పినట్టే చూపించాను. ఆ తెల్ల కోటు చూసి ఆడవాళ్లు పిల్లలను లోపలికి పిలుచుకున్నారు. దేవయ్య భార్య లింగక్క ఫోటోను తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, "ఎర్రజెండా గుంజుకునేతందుకు, పచ్చజెండా తోలుకపోయేతందుకు గావచ్చు" అంది. మర్నాటికి నాకు మంచినీళ్లు ఇచ్చేవాళ్లు కూడా కరువయ్యారు. ఏడేళ్లుగా ఆ ఊరికి పోతున్నదాన్ని. ఏడుపొచ్చింది.

నిన్న దేవయ్య ఎద్దు నన్ను కాపాడింది. దురద పుట్టి గడ్డివాముకు కొమ్ములు రుద్దింది. ఖంగున మోగింది. గడ్డివాము ఎక్కడైనా మోగుతుందా? నేను లింగక్క మొహం చూశాను, లింగక్క నా మొహం చూసింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

అప్పుడు చెప్పింది. రైలు పోయాక పైన మిగిలిన పట్టాలను ఎవరి చేను ముందరివి వాళ్లు తెచ్చుకున్నారట. నడిమి దూలాలు అవే, కొట్టాల గుంజలు అవే. లింగక్క మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను:

"కర్రనైతే చెదలు తింటది నర్సమ్మా. ఇనుమును చెదలు తినదు. ఇప్పుడేమో నీ తమ్ముడు తింటనంటుండాయె."

"ఇనుమంతా నాదే" అని నువ్వు రాశావు, దాన్ని నేను నిండు పందిట్లో చదివాను. తెలివిలో ఇద్దరం ఇద్దరమే. కానీ నేను అక్కను, కాబట్టి తప్పు నీదే. ఊరు మొత్తం భయపడి, చక్కగా నిలబడ్డ ఇళ్లను విప్పి, పట్టాలను వాముల్లో, పేడదిబ్బల్లో దాచింది. చెదలు లేవు, మనమే ఆ చెదలం.

నాయిన రైలు నిజమేరా. అనుమానపడినందుకు చెవులు పట్టుకుంటున్నాను.

కానీ చూపించే దారి లేదు. ఇంజనీరుకు గానీ ఏ ఆఫీసులో గానీ చెప్పనని లింగక్క నాతో పసివాడు జంగు మీద ప్రమాణం చేయించుకుంది. ఇంజనీరు వచ్చే రోజు కూడా ఖాయమైంది, అదీ మన ఖర్మ కొద్దీ విత్తనాల పండుగ రోజు. నేల మీద గింజ పడేముందు ఇక్కడ చేసే పండుగ అది. ఆ రోజు ఆడవాళ్లు దారికి వెదురు అడ్డం పెట్టి, వచ్చినవాళ్లు ఎవరైనా సరే చిల్లర ఇస్తే గానీ దాటనివ్వరు. దాటినవాళ్లు ఆ రోజు ఊరి చుట్టం. అయితే పోయేటప్పుడు ఊళ్లోంచి ఏదీ పట్టుకుపోకూడదు, ఆకు కూడా. పట్టుకుపోతే విత్తనం దాని వెంట పోతుందట. నా మొదటి ఏడు తెలియక సంచిలో చింతపండు వేసుకుంటే, పొలిమేర దాకా పరుగెత్తుకొచ్చి తీసుకున్నారు. ఇంజనీరును చిల్లర తెచ్చుకోమని కబురు పంపాను. ఇంతకుమించి ఏం చేయాలో తోచడం లేదు.

అక్క


నాగ్‌పూర్
5-4-1985

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట ఎగిరి గంతేశాను, తరువాత తల పట్టుకుని కూర్చున్నాను. పోశక్క ఇంటి కప్పు ఒరిగింది నా వల్ల. నేనన్నది వేళాకోళమని చెప్పు. కాదు, ఏమీ చెప్పకు, నేను చెప్పించినవన్నీ ఇట్లాగే అయ్యాయి.

ఊరి పేరు మీద ఒక కాగితం రాద్దామని కూర్చున్నాను. "మీ ఇనుము జోలికి నేను రాను" అని రాయగలను. సర్కారు రాదని నేనెట్లా రాయను? వాళ్ల భయం ఉత్తది కాదు. ఇల్లు నిలబెట్టుకున్న దూలాన్ని ముక్కూ మొహం తెలియనివాడికి ఎవరు చూపిస్తారు? రాసింది చింపేశాను.

ప్రమాణం చేశావు కాబట్టి నోరు విప్పకు. రోడ్డు పోతుందేమో, పోతే జంగు తరువాత పుట్టేవాళ్లు కూడా మంచాల మీదే రావాలి. అది తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. అయినా నీ మాట పోగొట్టుకుని వేసిన రోడ్డు మీద నువ్వే నడవలేవు.

అన్నపూర్ణ నా ఫోటో మళ్లీ చూసి, "ఈ మొహం నా ఇంటికొస్తే నేనైనా గిన్నెలు దాచుకుంటాను" అంది.

దత్తు


పెర్మిలి
9-6-1985

దత్తూ,

కూర్చుని చదువు. స్టేషన్లో చదవకు, ఈసారి నిజంగా బండి ఆగిపోతుంది.

పండుగ రోజు నేను, ఇంజనీరు సాహెబు, కొలత గొలుసు మోసే మనిషి పొద్దున్నే బయలుదేరాం. సాహెబు చిన్న వయసువాడు, చంద్రపూర్ వైపు మరాఠీ అబ్బాయి. వంతెన చూసి తల ఊపాడు. తొలిచిన మిట్ట దగ్గర, ఇది నీటి కాలువ కూడా అయి ఉండొచ్చు బాయీ అన్నాడు. నాకు తెలిసింది చెప్పడానికి లేదు. ఊరి వైపు నడిచాను.

ఊరి పొలిమేరకు వచ్చేసరికి ఆడవాళ్లు పాడుతూ నిలబడి ఉన్నారు. ముందర పోశక్క. దారికి అడ్డం ఎప్పుడూ పెట్టే వెదురు లేదు. పట్టా ఉంది. కడిగి, పసుపు రాసి, రెండు రాళ్ల మీద పెట్టిన నిఖార్సైన రైలు పట్టా.

సాహెబు ఆగిపోయాడు. పోశక్క చేయి చాపింది.

"పైసలేసి దాటు సాబ్. దాటినవంటే ఇయ్యాల మా సుట్టానివి. మా ఊరి మన్ను గూడ నీ ఎంట రావద్దు, గంతే."

నేను మరాఠీలో చెప్పాను. ఆ మాట చెబుతుంటే నాకప్పుడు వెలిగింది. ఏడాదిలో ఎవడొచ్చినా భయమే గానీ, ఈ ఒక్క రోజు మాత్రం ఊళ్లోంచి ఎవడూ ఏదీ పట్టుకుపోలేడు. మనం నెలల తరబడి బుర్రలు బద్దలు కొట్టుకుంటే, పోశక్క తన పండుగనే కాపలా పెట్టుకుంది. సాహెబు చిల్లరేసి, చెప్పులు విప్పి, పట్టాను దాటాడు.

దాటాక చూడాలి. వాముల్లోంచి, పేడదిబ్బల్లోంచి ఒక్కొక్క ఇంటివాళ్లు పట్టాలు మోసుకొచ్చారు. ఎవరి చేను ముందరిది వాళ్లకు ఎరుకే కదా, ఎక్కడి నుంచి తీశారో అక్కడే పరిచారు. ఊరి నుంచి మిట్ట వైపు నాయిన రైలు దారి నా కళ్ల ముందు లేచి వచ్చింది. మధ్యమధ్య తెగి ఉంది, వంకరగా ఉంది, అయినా పిల్లలు అప్పుడే ట్రాలీలా కూత పెడుతూ దాని మీద పరుగెత్తారు. సాహెబు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు, గొలుసు వేయించాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ముచ్చటపడి ఒక బోల్టు జేబులో వేసుకున్నాడు. లింగక్క వెంటపడి తీసుకుంది. చేతులు జోడించి ఇచ్చేశాడు. ఈ ఊళ్లో ఇనుము ఉందని రాయను, దారి ఉందని మాత్రమే రాస్తానని పోశక్కకు తనే చెప్పాడు.

సాయంత్రం పోశక్కను అడిగాను, సిరోంచ నుంచి సాంబన్న అని ఒకాయన ఉప్పు తెచ్చేవాడు, గుర్తున్నాడా అని. వెంటనే నవ్వింది.

"ఉప్పు సాంబన్న గదా. ఎర్కలేకేంది. దిగేటప్పుడు బుగులుపడి ఎనకకు మల్లి కూసునేటోడు. తువ్వాల మొకం మీద కప్పుకొని, దున్న మెడ గట్టిగ పట్టుకునేటోడు. మేమంత ఉరికొచ్చి సూసి నవ్వేది."

బ్రేకు సంగతి నేను అడగలేదురా, తనే చెప్పింది. మన నాయిన పట్టుకున్నది బ్రేకు కాదు, దున్న మెడ.

మీ బావకు చెప్పాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. దుకాణంలో నాయిన ఫోటో తుడిచి, ముందుకు జరిపి పెట్టాడు.

అక్క

16-6: పోస్టు బస్సు వాన వల్ల రాలేదు, ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది. మంచిదే అయింది. ఇవాళ సాహెబు జీపు పంపి కబురు చెప్పాడు. పాత దారేనని ఒప్పుకున్నారు, వానలు తగ్గగానే మొరం పోస్తారు. పోశక్క పట్టా మళ్లీ దూలమై కప్పెక్కింది. నీకు పట్టా చూడాలని ఉంటే తన ఇంటికి వచ్చి, వెల్లకిల పడుకుని చూసుకోమంది.


నాగ్‌పూర్
27-6-1985

అక్కా,

ఇంట్లోనే చదివాను. అన్నపూర్ణకు పైకి చదివి వినిపిస్తుంటే దున్న మెడ దగ్గర ఆగి ఉత్తరం తన చేతికిచ్చాను. మిగతాది తనే చదివింది.

నాయిన అబద్ధమాడాడన్న బాధ నాకు ఏ కొంచెమూ లేదు. రైలు నిజం. ఊరంతా లేదన్న రైలు గురించి చెప్పేవాడు, తన భయం కూడా చెబితే ఇంక నవ్వడానికి హద్దుండేదా? అందుకని బ్రేకు పట్టుకున్నాడు. నేనైనా అంతే చేసేవాడిని.

ఇంకో మాట. గార్డు పెట్టె ఎప్పుడూ బండికి చివరన ఉంటుంది. డ్రైవరు వచ్చే దారి చూస్తాడు, నేను పోయిన దారి చూస్తాను. ఇన్నేళ్లుగా రోజూ వెనక్కి తిరిగి కూర్చునే ప్రయాణం చేస్తున్నాను అక్కా. నాయిన ఎట్లా కూర్చునేవాడో నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు.

వచ్చే విత్తనాల పండుగకు సెలవు పెట్టాను. అప్పటికి మీ రోడ్డు అయి ఉంటుంది. తెల్ల కోటు తీసుకురాను. చిల్లర తెస్తాను, సంచి తేను. ఇప్పలగుట్ట నుంచి దిగేటప్పుడు ఏ బండి దొరికితే ఆ బండిలో, పోశక్క ఒప్పుకుంటే జంగును వాడు పుట్టిన వంతెన దాకా ఒళ్లో కూర్చోబెట్టుకుని, వెనక్కి తిరిగి కూర్చుంటాను. తువ్వాల మాత్రం కప్పుకోను. నాయిన చూడని దారంతా చూసుకుంటూ దిగుతాను.

నీ తమ్ముడు
దత్తు